ఒక రోజు జరిగిపోయిన గడువు: ఆడిటర్ ఆఫీసులో కంప్యూటర్లు, ఫోన్ల మధ్య పనుల జాబితాను సరిచేసిన కేస్ స్టడీ

గుంటూరులోని ఒక ఆడిటర్ ఆఫీసులో పనుల జాబితా నడిపే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లలో ఒకలా, ఫోన్లలో ఇంకోలా చూపిస్తుండగా, దాని కారణాలను ఒక్కొక్కటిగా వెతికి సరిచేసిన తీరును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. చిన్న ఆఫీసుల సర్వర్లు, బ్యాకప్పులు, నెట్‌వర్కులు చూసుకోవడం నా వృత్తి. ఈ ఆఫీసు క్లయింట్లలో మిర్చి వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీల యజమానులు, రైస్ మిల్లులవాళ్లు, చిన్న కాంట్రాక్టర్లు ఎక్కువ. వాళ్ల జీఎస్టీ, టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసి కట్టే పన్ను), పీఎఫ్, ఆదాయపు పన్ను పనులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ఇలాంటి ఆఫీసులో తేదీకి ఉన్న బరువు బయటివాళ్లకు వెంటనే అర్థం కాదు. నెలలో 7న టీడీఎస్ జమ, 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న నెల పన్ను లెక్క తేల్చే జీఎస్టీఆర్-3బీ. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారులకు 3బీ గడువు రాష్ట్రాన్ని బట్టి 22 లేదా 24, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 22. ఈ తేదీలను క్లయింట్ల సంఖ్యతో హెచ్చవేస్తే నెలకు వందల పనులు తేలతాయి. వాటిలో ప్రతిదానికీ బిల్లులు తెప్పించుకోవడం, సరిచూడడం, క్లయింటు చేత ఔననిపించుకోవడం, దాఖలు చేయడం అనే మెట్లుంటాయి. ఇదంతా ఒకప్పుడు పెద్ద రిజిస్టరులో గీతలు గీసి నడిపేవారు. తర్వాత ఆఫీసు కంప్యూటర్లకు, సిబ్బంది ఫోన్లకు ఉమ్మడిగా ఉండే పనుల జాబితాకు మారారు. అందుకు, ఒక సర్వర్‌లోని క్యాలెండర్లను, పనులను వేర్వేరు పరికరాలు పంచుకునే కాల్‌డావ్ అనే పద్ధతిని ఎంచుకున్నారు. ఆ ఎంపిక మంచిదనే నా అభిప్రాయం, ఎందుకంటే సమాచారం ఒక కంపెనీ చేతిలో చిక్కుకోకుండా ఆఫీసు చేతిలోనే ఉంటుంది.

2023 జులైలో ఒక క్లయింటు జూన్ నెల 3బీ రిటర్న్ 20వ తేదీకి బదులు 21న దాఖలైంది. ఆలస్య రుసుము కేంద్ర జీఎస్టీ కింద 25, రాష్ట్ర జీఎస్టీ కింద 25, మొత్తం రోజుకు 50 రూపాయలు. నగదుగా కట్టాల్సిన పన్నుపై ఏడాదికి 18 శాతం లెక్కన ఒక్క రోజు వడ్డీ దానికి అదనం. డబ్బు పెద్దది కాకపోయినా, ఆ క్లయింటు వారం ముందే బిల్లులన్నీ తెచ్చిచ్చి వెళ్లిన మనిషి. రిటర్న్ చూసే ఉద్యోగిని తన కంప్యూటర్‌లో జాబితా తెరిచి చూపించారు. అక్కడ గడువు 21 అనే ఉంది. పని అప్పగించిన పెద్ద భాగస్వామి, అంటే ఆఫీసు యజమానుల్లో ఒకరి ఫోన్‌లో అదే పని 20 అని ఉంది. ఇద్దరూ తాము చూసిందే చెబుతున్నారు, ఇద్దరి మాటా నిజమే.

నన్ను పిలిచినప్పుడు ఫిర్యాదు ఒకే ముక్కలో వచ్చింది: “సింక్ కావడం లేదండీ,” అంటే అన్ని పరికరాల్లో జాబితా ఒకేలా ఉండడం లేదని. కూర్చోబెట్టి అడిగితే దాని కింద ఇంకా చాలా ఉన్నాయి. కొన్ని పనుల తేదీలు ఒక రోజు అటూ ఇటూ జరుగుతున్నాయి. టిక్ పెట్టిన పని మర్నాటికి మళ్లీ జాబితాలోకి వస్తోంది. కొందరి ఫోన్లలో గుర్తుచేసే గంట మోగడం లేదు, ఇంకొందరికి తెల్లవారుజామున అయిదున్నరకు మోగుతోంది. కొన్ని పనులు రెండేసి కనిపిస్తున్నాయి. కొన్ని తెలుగు పేర్ల మధ్యలో ప్రశ్నార్థకం ఉన్న నల్ల డబ్బాలు వస్తున్నాయి. వీటన్నింటినీ సింక్ అనే ఒక్క మాట కింద చుట్టేసి, యాప్ తీసేసి మళ్లీ ఎక్కించడమే అంతవరకూ అక్కడ జరుగుతున్న చికిత్స. అలా ఎక్కించినప్పుడల్లా ఒకటి రెండు రోజులు బాగున్నట్టు కనిపించి మళ్లీ మొదటికి వచ్చేది, ఎందుకంటే ఈ ఫిర్యాదుల్లో దేనికీ యాప్ ఎక్కించిన తీరు కారణం కాదు.

ఒక్క పనిని పట్టుకుని

సర్వర్‌లో ఒక పని ఏ రూపంలో ఉంటుందో తెలియకుండా ఈ చిక్కులు విప్పడం సాధ్యం కాదు. కాల్‌డావ్ 2007లో ఆర్‌ఎఫ్‌సీ 4791గా వెలువడింది (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాలను వివరించే పత్రం). అందులో ప్రతి పనీ ఐక్యాలెండర్ పద్ధతిలో రాసిన చిన్న టెక్స్ట్ ముక్క. ఆ పద్ధతి 1998లో మొదటిసారి ప్రమాణంగా వచ్చి, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5545గా సవరణ పొందింది. ఆ ముక్కలో పనికి ఒక శాశ్వతమైన గుర్తింపు సంఖ్య, పేరు, గడువు, స్థితి, చివరిసారి మార్చిన సమయం వరుసకొకటిగా ఉంటాయి. కంప్యూటర్‌లోని ప్రోగ్రామైనా, ఫోన్‌లోని యాప్ అయినా ఈ ముక్కను దించుకుని తన సొంత నకలు ఉంచుకుంటుంది. మార్పు జరిగినప్పుడు ముక్క మొత్తాన్ని తిరిగి సర్వర్‌కు పంపుతుంది. అంటే తెర మీద మనం చూసేది ఆ ప్రోగ్రామ్ తన నకలును అర్థం చేసుకున్న తీరు మాత్రమే.

అందుకే మొదట సర్వర్‌ను రాడికేల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చాను. అది ప్రతి పనినీ ఒక విడి ఫైల్‌గా మామూలు ఫోల్డర్‌లో దాస్తుంది, ఏ డేటాబేసూ తెరవనక్కర లేకుండా చదువుకోవచ్చు. ఆ ఫోల్డర్‌ను ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, మార్పు జరిగిన ప్రతిసారీ ఒక నకలు నమోదయ్యేలా చేశాను. ఏ పనిలో ఏ వరుస ఎప్పుడు మారిందో గిట్ చెబుతుంది, అదే సమయానికి ఏ ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను పంపిందో సర్వర్ తన పనులన్నీ రాసుకునే లాగ్ చెబుతుంది. ఆ తర్వాత అసలు జాబితాల జోలికి పోకుండా, పరీక్ష కోసం ఒక విడి జాబితా తెరిచి, ఆఫీసులోని ప్రతి పరికరం నుంచి ఒకే రకమైన పనిని, అంటే జులై 20 గడువుతో ఒక 3బీ రిటర్న్‌ను నమోదు చేయించి, ఒక్కో ఫైల్‌నూ తెరిచి చదివాను. ఇలాంటి సమస్యల్లో ఇంతకన్నా ఎక్కువ చెప్పే పరీక్ష నాకు తెలియదు.

అందరూ నమోదు చేసింది జులై 20 అయినా ఫైళ్లలో మూడు రకాల గడువులు కనిపించాయి. కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ రాసిన ఫైల్‌లో గడువు వరుస ఉత్త తేదీ: 20230720, అంతే. ఒక ఫోన్ యాప్ రాసిన ఫైల్‌లో 20230719టీ183000జెడ్ అని ఉంది. టీ తర్వాతివి గంటలు, నిమిషాలు, సెకన్లు. చివరనున్న జెడ్ అక్షరం అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయమని చెబుతుంది. మన సమయం యూటీసీ కన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి జులై 19 సాయంత్రం 6:30 యూటీసీ అంటే మనకు 20వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి. ఆ యాప్‌కు ఉత్త తేదీ రాయడం తెలియదు, రోజు మొదలయ్యే క్షణాన్ని రాసింది. ఇంకో యాప్ రోజు ముగిసే క్షణాన్ని, రాత్రి 11:59ని రాసింది. పెద్ద భాగస్వామి ఫోన్‌లో ఉన్నది ఈ మూడోదే.

ఆ భాగస్వామి ఏటా వేసవిలో డల్లాస్‌లోని కుమార్తె దగ్గరికి వెళ్లి కొన్ని నెలలు ఉంటారు, అక్కడి నుంచే పనులు అప్పగిస్తారు. జులైలో డల్లాస్ సమయం యూటీసీ కన్నా 5 గంటలు వెనక. అక్కడ ఆయన 20వ తేదీ అని ఎంచుకుంటే ఫోన్ దాన్ని 20 రాత్రి 11:59గా తీసుకుని, యూటీసీలోకి మార్చి 21వ తేదీ 4:59 అని సర్వర్‌కు పంపింది. గుంటూరులో కంప్యూటర్ దాన్ని మన సమయంలోకి మార్చితే 21వ తేదీ ఉదయం 10:29 అయింది. జాబితా వరుసలో గంటలు కనిపించవు, తేదీ ఒక్కటే కనిపిస్తుంది. ఏ ప్రోగ్రామూ లెక్క తప్పలేదు. మార్పిడి అంతా నియమం ప్రకారమే సాగి, ఫలితం మాత్రం తప్పయింది. జీఎస్టీ గడువుకు డల్లాస్ అర్ధరాత్రితో పనే లేదు. అది భారతదేశంలోని ఒక రోజు. దాన్ని ఒక క్షణంగా రాయడమే అసలు లోపం.

తెల్లవారుజాము గంటల సంగతీ ఇక్కడే తేలింది. ఉత్త తేదీతో వచ్చిన పనిని ఒక యాప్ యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటోంది, అది మనకు ఉదయం 5:30.

దీనికి తోడు ఒక కంప్యూటర్‌లో కొన్ని పనులు 19 అని కనిపించేవి. దానిలో ఈ మధ్యే విండోస్ కొత్తగా ఎక్కించారు. టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ తీరానికి ఉండిపోయింది. గడియారం తప్పు చూపిస్తోందని ఎవరో ఆటోమేటిక్ సమయం ఆపేసి, అంకెలు మాత్రం చేత్తో సరిచేశారు. తెర మూలన సమయం సరిగ్గానే కనబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇది తరచుగా చూస్తున్నాను: గడియారం సరిగ్గా ఉందంటే జోన్ సరిగ్గా ఉందని అర్థం కాదు, రెండూ విడివిడిగా చూడాలి.

ఇక్కడ తీసుకున్న నిర్ణయం మిగతా అన్నింటికీ పునాది అయింది. చట్టబద్ధమైన ప్రతి గడువూ ఉత్త తేదీగానే ఉండాలి, గంటలు ఉండకూడదు. ఉత్త తేదీ రాయలేని యాప్‌ను, అది ఎంత అందంగా ఉన్నా, పక్కన పెట్టేశాం. ఉత్త తేదీని ఉన్నదున్నట్టు చదివి, ఉన్నదున్నట్టు తిరిగి రాయగల యాప్‌నే అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పెట్టాం. క్లయింటుతో సమావేశం, అధికారి ముందు హాజరు లాంటివి నిజంగానే ఒక క్షణానికి సంబంధించినవి కాబట్టి అవి క్యాలెండర్‌లో గంటలతో ఉంటాయి, పనుల జాబితాలో కాదు. ఈ విభజనకు సిబ్బంది త్వరగానే అలవాటుపడ్డారు, ఎందుకంటే రిజిస్టరు కాలంలో కూడా వాళ్లు గడువులను ఒక పుస్తకంలో, అపాయింట్‌మెంట్లను ఇంకో పుస్తకంలో రాసేవారు.

తిరిగి తిరిగి వచ్చే పనులు

తేదీల తర్వాత ఎక్కువ కాలం తీసుకున్నది ప్రతి నెలా పునరావృతమయ్యే పనుల చిక్కు. ఐక్యాలెండర్‌లో పునరావృతానికి ఒక నియమం రాయవచ్చు: ప్రతి నెలా 20న, ప్రతి నెలా చివరి రోజున, ఇలా. ఆ నియమాన్ని అన్ని ప్రోగ్రాములూ చదువుతాయి, చిక్కు అక్కడ లేదు. అలాంటి పనికి టిక్ పెట్టినప్పుడు ఏం చేయాలన్న దగ్గర దారులు వేరవుతున్నాయి. ఆ కంప్యూటర్ ప్రోగ్రామ్ అసలు పనిని అలాగే ఉంచి, ఆ నెల దినాన్ని మాత్రం మినహాయింపుగా విడదీసి పూర్తయిందని రాసేది. ఫోన్ యాప్ అసలు పని గడువునే తర్వాతి నెలకు జరిపి, పని ఇంకా మిగిలే ఉందని రాసేది. రెండింటిలోనూ తర్కం ఉంది, కానీ ఒకే పని మీద ఈ రెండూ కలిస్తే గందరగోళం తప్పదు. గిట్‌లో ఒక పని చరిత్ర తెరిచి చూస్తే, ఉద్యోగిని కంప్యూటర్‌లో పూర్తిచేసిన జులై పనిని ఫోన్ గుర్తించలేదు. ఫోన్‌లో ఆమె మళ్లీ టిక్ పెట్టారు. దాంతో గడువు ఆగస్టుకు జరిగింది. కంప్యూటర్ దగ్గర ఉన్న జులై మినహాయింపుకు ఆధారం లేకుండా పోయి, ఆ ఫైల్‌లో అది అనాథలా మిగిలింది.

దీని పక్కనే కంటికి కనబడని ఇంకో మెలిక ఉంది. కొన్ని యాప్‌లలో పునరావృతాన్ని గడువు నుంచి లెక్కించాలా, పూర్తిచేసిన రోజు నుంచి లెక్కించాలా అని ఎంచుకునే వీలుంటుంది. ఇంటి పనులకు రెండోది బాగుంటుంది. మొక్కలకు ఎరువు వేసిన రోజు నుంచి నెల లెక్కించడం సబబే. ఆడిటర్ ఆఫీసులో మాత్రం జులై 17నే 3బీ పూర్తిచేస్తే తర్వాతిది ఆగస్టు 17కు వచ్చిపడుతుంది. తొందరగా పూర్తిచేసే మనిషి జాబితాలో తేదీలు నెలనెలా ముందుకు జారుతుంటాయి, ఎవరూ చెడగొట్టినట్టు కనిపించదు. పైగా పూర్తిచేసిన రోజు నుంచి లెక్కించే పద్ధతికి ఐక్యాలెండర్ నియమంలో చోటు లేదు. యాప్‌లు దాన్ని తమ సొంత వరుసల్లో దాచుకుంటే మిగతా ప్రోగ్రాములు ఆ వరుసలను పట్టించుకోవు.

చట్టంలోని గడువులే నెలవారీ నియమానికి పూర్తిగా లొంగవన్నది మరో సంగతి. టీడీఎస్ ప్రతి నెలా 7న కట్టాలి, కానీ మార్చిలో కోసిన పన్నుకు ప్రభుత్వేతరులకు గడువు ఏప్రిల్ 30. నెలవారీ నియమం పెడితే ఏప్రిల్ 7న ఒక తప్పుడు పని వస్తుంది, ఏప్రిల్ 30న రావాల్సింది రాదు. నెలాఖరు పనులకు ఎవరో ప్రతి నెలా 31న అని పెట్టారు. లేని తేదీలను వదిలేయాలని ప్రమాణమే చెబుతుంది కాబట్టి ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, నవంబర్‌లలో ఆ పని అసలు రాలేదు. అవన్నీ మరిచిపోయిన నెలలుగా సిబ్బంది ఖాతాలో పడ్డాయి. అది వాళ్లకు అన్యాయం.

వీటిని ఒక్కొక్కటిగా సవరించే బదులు, చట్టబద్ధమైన గడువుల్లో పునరావృత నియమాన్ని పూర్తిగా తీసేయాలని ప్రతిపాదించాను. పైథాన్ భాషలో రాసిన ఒక చిన్న ప్రోగ్రామ్ ఆర్థిక సంవత్సరం మొదట్లో క్లయింట్ల పట్టిక చదివి, ఒక్కో క్లయింటుకు, ఒక్కో రిటర్న్‌కు, ఒక్కో నెలకు విడివిడి పనులను సర్వర్‌లో సృష్టిస్తుంది. మార్చి నెల టీడీఎస్, 22వ తేదీ 3బీ లాంటి తేడాలన్నీ ఆ ప్రోగ్రామ్‌లోని పట్టికలో ఉంటాయి, ఫోన్లకు వాటి గురించి తెలియాల్సిన అవసరమే లేదు. ఇందులో గుర్తింపు సంఖ్య ఎలా ఉండాలన్నది జాగ్రత్తగా ఆలోచించి పెట్టాం. యాదృచ్ఛిక అంకెలకు బదులు క్లయింటు సంఖ్య, రిటర్న్ పేరు, నెల కలిపి గుర్తింపు కడతాం. ఆ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉంటే తిరస్కరించమని సర్వర్‌కు ప్రతి అభ్యర్థనతో పాటు చెబుతాం. అందువల్ల మధ్యలో కరెంటు పోయి ప్రోగ్రామ్ ఆగిపోయినా, మళ్లీ మొదటి నుంచి నడిపితే ఒక్క పని కూడా రెండు కాదు, సిబ్బంది అప్పటికే టిక్ పెట్టినవి చెదరవు.

రెండేసి కనిపించిన పాత పనులకు రెండు మూలాలు దొరికాయి. పాత ప్రోగ్రామ్ నుంచి ఎగుమతి చేసిన ఫైల్‌ను కొత్తదానిలోకి దిగుమతి చేసుకున్నప్పుడు గుర్తింపు సంఖ్యలు కొత్తగా పుట్టడం ఒకటి. కొన్ని ఫోన్లలో అదే సర్వర్ ఖాతాను ఒకసారి సింక్ చేసే యాప్ ద్వారా, ఇంకోసారి పనుల యాప్‌లో నేరుగా చేర్చడం రెండోది. రెండో రకానికి ఒక ఖాతా తీసేస్తే సరిపోయింది.

పోయిన టిక్‌లు

“నేను టిక్ పెట్టానండీ, సాయంత్రానికి మళ్లీ అలాగే ఉంది” అన్నది బయట తిరిగే ఉద్యోగులందరి మాట. వాళ్లు ఎక్కువగా వెళ్లేది మిర్చి కోల్డ్ స్టోరేజీలకు. మందపాటి గోడల మధ్య ఉన్న ఆ గదుల్లో ఫోన్‌కు సిగ్నల్ అందదు. బిల్లులు తీసుకున్న చోటే టిక్ పెడతారు. ఆ మార్పు ఫోన్‌లోనే నిలిచి ఉంటుంది. ఈలోగా ఆఫీసులో ఎవరో అదే పని కింద “రెండు బిల్లులు తక్కువ” అని ఒక గమనిక చేరుస్తారు. ఉద్యోగి బయటికి వచ్చాక ఫోన్ తన ఫైల్‌ను పంపబోతే, తన దగ్గరున్న పాత కూర్పు (వెర్షన్) గుర్తును కూడా చూపాలి. సర్వర్‌లో కూర్పు మారిపోయింది కాబట్టి 412 అనే సమాధానంతో సర్వర్ దాన్ని నిరాకరిస్తుంది. ఇంతవరకూ మంచిదే, లేకపోతే ఆఫీసువాళ్ల గమనిక చెరిగిపోయేది. ఆ తర్వాత ఏం చేయాలన్నది యాప్ ఇష్టం. వాళ్లు వాడుతున్న యాప్ సర్వర్ కూర్పునే దించుకుని, తన టిక్‌ను వదిలేసుకుంటోంది. తెర మీద ఒక్క హెచ్చరిక కూడా రావడం లేదు. మనిషి చేసిన పనిని చెప్పకుండా చెరిపేయడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ తగదని నా నమ్మకం.

దీనికి సాంకేతికమైన మందు కన్నా పని పద్ధతిలో మార్పే బాగా పనిచేసింది. ఒక పని ఎవరికి అప్పగిస్తే ఆ ఫైల్‌ను వాళ్లే మార్చాలి. జాబితాలను మనిషికొకటిగా విడదీశాం. ఆఫీసు నుంచి ఏదైనా చెప్పాలంటే ఆ ఉద్యోగి జాబితాలో విడి పనిగా చేర్చాలి, ఉన్న పనిలో రాయకూడదు. ఇద్దరు ఒకే ఫైల్ మీద రాసే సందర్భాలు దాదాపు లేకుండా పోయాక, లాగ్‌లో 412 కనిపించడం అరుదైపోయింది. కనిపించినప్పుడు దాని పేరు, సమయం నాకు మెయిల్‌గా వచ్చేలా చేశాను, ఆ ఉద్యోగికి ఫోన్ చేసి అడుగుతాం.

మోగని గంటలు

గుర్తుచేసే గంట విషయంలో సిబ్బందికి ఒక అపోహ ఉండేది. సర్వర్ నుంచి గంట వస్తుందని వాళ్లు అనుకునేవారు. నిజానికి సర్వర్ ఏమీ మోగించదు. పని ఫోన్‌కు చేరాక, ఫోన్‌లోని యాప్ తనంతట తాను ఆ సమయానికి అలారం పెట్టుకుంటుంది. కాబట్టి రెండు చోట్ల తప్పు జరగవచ్చు: పని ఫోన్‌కు సమయానికి రాకపోవడం, వచ్చాక అలారం మోగకపోవడం. ఈ రెండింటినీ వేరుచేసి చూడడానికి, ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టి అందులోనే ఒక పని సృష్టించి గంట కోసం చూస్తాను. మోగితే తప్పు సింక్‌లో ఉంది, మోగకపోతే తప్పు ఫోన్ అనుమతుల్లో ఉంది.

ఆండ్రాయిడ్ 6తో, 2015లో, డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. ఛార్జింగ్ లేకుండా, తెర ఆరి, కదలకుండా బల్ల మీద ఉన్న ఫోన్‌లో నేపథ్యపు పనులను వాయిదా వేసి, మధ్యమధ్యలో కొద్దిసేపు మాత్రమే వదులుతుంది. బ్యాటరీకి అది మేలే. పైగా క్రమం తప్పని నేపథ్యపు పనికి ఆండ్రాయిడ్‌లో కనీస వ్యవధి 15 నిమిషాలు, కాబట్టి “ఇప్పుడే పెట్టాను, ఫోన్‌లో చూడండి” అనే మాట ఎప్పుడూ నెరవేరదని ముందే చెప్పేశాను. కొన్ని ఫోన్లలో తయారీదారు సొంతంగా పెట్టిన ఆటోస్టార్ట్ నియంత్రణ కూడా ఉంటుంది. దాన్ని విడిగా అనుమతించాలి, బ్యాటరీ అమరికల్లో యాప్‌పై పరిమితి తీసేసినంత మాత్రాన సరిపోదు. ఒక్కో ఫోన్‌నూ కేబుల్‌తో కలిపి, కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌ను నడిపే ఏడీబీ అనే సాధనపు ఆదేశంతో బలవంతంగా డోజ్‌లోకి పంపి పరీక్షించాకే వదిలాను.

ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు అనుమతి విడిగా అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కినవాళ్లకు గంటలు రాలేదు, అది చిటికెలో తేలింది. తర్వాతి సంవత్సరం కొత్త ఫోన్ కొన్న ఒక ఉద్యోగికి గంటలు ఉన్నట్టుండి ఆగిపోవడం మాత్రం కొంచెం తికమక పెట్టింది, పాత ఫోన్‌లోని అమరికలన్నీ బ్యాకప్ నుంచి యథాతథంగా వచ్చాయి మరి. ఖచ్చితమైన సమయానికి అలారం పెట్టే అనుమతిని ఆండ్రాయిడ్ 14లో కొత్తగా ఎక్కించిన చాలా యాప్‌లకు మొదట ఇవ్వరు. ఉన్న ఫోనే 14కు అప్‌డేట్ అయితే పాత అనుమతి నిలుస్తుంది, కానీ బ్యాకప్ ద్వారా కొత్త ఫోన్‌కు మారితే నిలవదు. అమరికల్లో అలారాలు, రిమైండర్లు అన్న చోట అనుమతించగానే సరిపోయింది. ఇప్పుడు ఎవరు ఫోన్ మార్చినా ముందుగా ఇదే చూస్తారు.

గడువులన్నీ ఉత్త తేదీలయ్యాయి కాబట్టి గంట ఏ సమయానికి మోగాలన్నది ప్రతి ఫోన్‌లోని యాప్ అమరికకు వదిలేశాం. ఉదయం 9 గంటలు అందరికీ నప్పింది.

తెలుగు పేర్లు

నల్ల డబ్బాల కారణం తెలిశాక నాకు మంచి ఆసక్తి కలిగింది. ఐక్యాలెండర్‌లో ఒక వరుస 75 బైట్లు (కంప్యూటర్ సమాచారాన్ని కొలిచే చిన్న ప్రమాణాలు) మించకూడదని సూచన. మించితే విరిచి, తర్వాతి వరుసను ఒక ఖాళీతో మొదలుపెట్టాలి. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు విడివిడి సంకేతాలు కాబట్టి స్త్రీ అనే ఒక్క అక్షరమే 18 బైట్లు తింటుంది. పేరు వరుస మొదట ఉండే శీర్షికకు 8 బైట్లు పోగా మిగిలేది 67. ఖాళీలు లేని తెలుగైతే 22 సంకేతాలకు 66 బైట్లు సరిపోయి, 23వ సంకేతంలో ఒక్క బైటు ఈ వరుసలో, రెండు బైట్లు కింది వరుసలో పడతాయి. అలా విరిచే సాదా ప్రోగ్రాములు ఉంటాయని ప్రమాణమే హెచ్చరిస్తుంది, చదివేవాళ్లు ముందు వరుసలను అతికి ఆ తర్వాతే అక్షరాలుగా చదవాలని. పాత ప్రోగ్రామ్ ఎగుమతి చేసిన ఫైల్‌ను బైట్లుగా తెరిచి చూస్తే సరిగ్గా ఇదే జరిగింది. దిగుమతి చేసుకున్న ప్రోగ్రామ్ వరుసకు వరుసగా చదివి, సగం సగం బైట్లను డబ్బాలుగా మార్చింది. ఫైల్‌లోని వరుసలను ముందే అతికి మళ్లీ దిగుమతి చేస్తే పేర్లన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి. ఇంగ్లిష్‌లోనే రాసుకోండని చెప్పి తప్పించుకోవడం తేలిక, కానీ క్లయింటు పేరు తెలుగులో రాసుకునే హక్కు ఆ ఆఫీసుకు ఉంది.

లేబుళ్ల విషయంలో ఒక చిన్న సవరణ చేశాం. రిటర్న్‌లు అన్న లేబుల్‌లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే సంకేతం ఉంటుంది. కొందరి కీబోర్డు దాన్ని చేరుస్తుంది, కొందరిది చేర్చదు. అందువల్ల ఒకే లేబుల్ రెండుగా చీలి, వెతికితే సగమే దొరికేవి. లేబుళ్లను ఎవరూ చేత్తో టైప్ చేయకుండా, ఉన్న జాబితాలోంచి ఎంచుకోవాలన్నాం.

ప్రస్తుతం

ఈ ఏర్పాటు మొదలయ్యాక తేదీ జరగడం వల్ల ఏ రిటర్నూ ఆలస్యం కాలేదు. భాగస్వామి డల్లాస్ నుంచి ఇప్పటికీ పనులు అప్పగిస్తూనే ఉన్నారు. ఆయన ఫోన్‌లో 20 అన్నది ఇక్కడా 20గానే కనిపిస్తోంది.

తీరని ఇబ్బంది ఒకటి ఉంది. జీఎస్టీ గడువులను ప్రభుత్వం ఒక్కోసారి చివరి క్షణంలో నోటిఫికేషన్ ఇచ్చి పొడిగిస్తుంది. అప్పుడు పైథాన్ ప్రోగ్రామ్‌కు ఆ నెల కొత్త తేదీ ఇస్తే, ఆ రిటర్న్‌కు ఇంకా టిక్ పడని పనుల గడువు వరుసను మాత్రమే మారుస్తుంది, గమనికలను, లేబుళ్లను ముట్టుకోదు. సర్వర్‌లో అది క్షణాల్లో అయిపోతుంది. డోజ్‌లో ఉన్న ఫోన్లకు, కోల్డ్ స్టోరేజీలో ఉన్న ఉద్యోగికి మాత్రం అది చేరడానికి గంటలు పట్టవచ్చు, ఆ లోపల ఫోన్ పాత తేదీనే చూపిస్తుంది. పాత తేదీ ముందుది కాబట్టి నష్టం లేదు. అయినా పొడిగింపు వచ్చిన రోజు సీనియర్ ఉద్యోగిని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నోటిఫికేషన్ సంఖ్యతో సహా ఒక సందేశం పెడతారు, బయట ఉన్నవాళ్లు చూశామని బదులిచ్చేదాకా ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తారు.